మూడు మూలల టోపీకి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మూడు మూలల టోపీ గారికి నమస్కరించి వ్రాయునది, ఉభయకుశలోపరి.

2009 ఏప్రిల్ 15న, అమెరికన్లు ఆదాయపు పన్ను లెక్కలు సమర్పించే గడువు రోజున, ప్రభుత్వ ఖర్చునూ పన్నులనూ వ్యతిరేకించే టీ పార్టీ ఉద్యమ జనం, అమెరికా స్వాతంత్ర్య పోరాట కాలం నాటి టోపీ అయిన మిమ్మల్ని నెత్తిన పెట్టుకుని ఊరూరా వీధుల్లోకి వచ్చారు. ఆ పేరు వచ్చింది 1773 నాటి బోస్టన్ టీ పార్టీ నుంచి; అప్పుడు సుంకం మీద కోపంతో జనం రేవులో నీళ్లపాలు చేసిన తేయాకు ఈస్టిండియా కంపెనీది. అప్పటికే మన ఉత్తర సర్కారుల్లో శిస్తు వసూలు చేసుకుంటున్న ఆ కంపెనీ దివాలా తీయకుండా బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం మీదే బోస్టన్ వాసులు తిరగబడ్డారు. కాబట్టి 2008లో బ్యాంకులను గట్టెక్కించడానికి 70,000 కోట్ల డాలర్లు కేటాయించిన ప్రభుత్వం మీద ఆగ్రహానికి మిమ్మల్ని గుర్తుగా ఎంచుకోవడం సబబే. ఆ ఆగ్రహంలో న్యాయమూ ఉంది.

అయితే షికాగోలో వ్యాపారుల నడుమ నిలబడి టీవీ వ్యాఖ్యాత రిక్ శాంటెల్లి మీ ఉద్యమానికి శంఖం పూరించింది బ్యాంకుల మీద కాదు, ఇంటి అప్పు తీర్చలేని పొరుగువారికి అందబోయే సాయం మీద. అదే ఏడాది సౌత్ కరోలినాలో ఒక పెద్దాయన లేచి, తన మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా) మీద ప్రభుత్వం చెయ్యి వేయరాదని గద్దించాడు. అయ్యా, మెడికేర్ ఇస్తున్నదే ప్రభుత్వమని వినయంగా చెప్పబోయిన రిపబ్లికన్ సభ్యుడు బాబ్ ఇంగ్లిస్ మాట ఆయన చెవికెక్కలేదు. మరుసటి ఏడాది సొంత పార్టీ ఓటర్లే ఇంగ్లిస్‌ను ఇంటికి పంపారు. మీకు పేచీ ఖర్చుతో కాదని, అది ఎవరి చేతికి అందుతోందన్న దానితోనని నాకు అక్కడే అర్థమైంది.

అందుకే సోషల్ సెక్యూరిటీ పింఛన్లను, మెడికేర్‌ను ముట్టుకోనని 2016లో అధ్యక్ష అభ్యర్థి ట్రంప్ మాట ఇవ్వగానే, గ్రంథాలయాల్లో కూర్చుని రాజ్యాంగం చదువుకున్న మీ స్థానిక బృందాల్లో ఎందరో మిమ్మల్ని అటకెక్కించి ఆయన ప్రచారపు ఎర్ర టోపీ పెట్టుకున్నారు. ఆయన తొలి నాలుగేళ్లలో, కోవిడ్ సాయంతో కలిపి, జాతీయ రుణం సుమారు 20 లక్షల కోట్ల డాలర్ల నుంచి దాదాపు 28 లక్షల కోట్లకు చేరినా ఒక్క ఊరేగింపైనా మీ కోసం కబురు పెట్టలేదు. 2025లో దిగుమతి సుంకాలు ఎడాపెడా పెంచినప్పుడు, సుంకం మీద కోపంతోనే పుట్టిన ఉద్యమం పేరు ఎవరికీ గుర్తు రాలేదు.

మీ గాలికి 2010లో గెలిచి, తరువాత ట్రంప్ దగ్గర బడ్జెట్ పద్దులు చూసిన మిక్ మల్వేనీ మాత్రం నిజాయితీపరుడని ఒప్పుకోవాలి. శ్వేతసౌధంలో డెమొక్రాట్ ఉన్నప్పుడే తమ పార్టీకి లోటు మీద బెంగ పుడుతుందని 2020లో ఆయన బాహాటంగా చెప్పేశారు. మరి మీ తదుపరి కొలువు ఏ ఎన్నికల ఫలితం మీద ఆధారపడి ఉందో వేరే చెప్పాలా?

ఈ ఉత్తరం ఫ్రీడంవర్క్స్ కార్యాలయం ద్వారా పంపుదామనుకున్నాను గాని, మీ కోసం వాషింగ్టన్‌లో అంత పెద్ద ఊరేగింపు నడిపించిన ఆ సంస్థ 2024 మేలో తలుపులు మూసుకుంది. అందువల్ల దీనిని బహిరంగంగానే వ్రాయవలసి వచ్చింది.

ఇట్లు,
మీ కొలువు కోసం ఎదురుచూస్తున్న ఒక శ్రేయోభిలాషి