పెట్టెలో తల

మదనపల్లె నుంచి మా బావమరిది పది నాటుకోడి పిల్లలను చెప్పుల పెట్టెలో పెట్టుకుని బస్సులో వచ్చి, తల్లికోడిని మాత్రం అక్కడే వదిలేసి రావడంతో, మారతహళ్లిలో మూడో అంతస్తులో ఉన్న మా బాల్కనీలో ఆ తల్లి ఉద్యోగం మొన్న శనివారం నాకు దక్కింది.

మొదటి వారం పిల్లలకు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, ఆపైన వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. బెంగళూరు డిసెంబరు రాత్రి 16 డిగ్రీలకు దిగుతుంది. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెను నిలబెట్టి, కాగితం మీదైతే కాళ్లు జారి విచ్చుకుపోతాయని అడుగున వరి ఊక పరిచి, మునిగి చావకుండా నీళ్ల మూకుడులో గులకరాళ్లు వేశాను. చలికి మూలల్లో ఒకదానిమీద ఒకటి ఎక్కి ఊపిరాడక పోతాయి కనుక, మూలలను అట్టముక్కలతో గుండ్రంగా మూసేందుకు ఇంట్లో ఉన్న బంక సీసాను అడుగంటా ఖాళీ చేశాను. ఈ బంక సంగతి కాస్త గుర్తుంచుకోవాలి.

అరవై వాట్ల బల్బు అడిగితే వీధి చివరి దుకాణదారుడు ఎల్ఈడీ బల్బును చేతిలో పెట్టి, "ఇది అరవైతో సమానం సార్, కరెంటు మాత్రం తొమ్మిదే" అన్నాడు. సమానమైనది వెలుగేనని, తొమ్మిది వాట్ల కరెంటుకు అరవై వాట్ల వేడి రాదని ఇంజనీరింగు చదివిన నాకు ఆ క్షణాన తోచలేదు. ఆ రాత్రంతా పిల్లలు పట్టపగలులాంటి వెలుగులో వణుకుతూ అరిచాయి. మర్నాడు తిరిగి ఇవ్వబోతే, "వెలుగుతోంది కదా సార్" అని ఆయన నన్నే ఎగాదిగా చూశాడు. చివరికి కోళ్ల దాణా అమ్మే కొట్లో 250 వాట్ల ఎర్ర బల్బు దొరికింది.

వేడి చూడటానికి నా దగ్గర ఉన్నది జ్వరం చూసే పాదరసపు థర్మామీటరు. ఎక్కిన పాదరసం విదిలిస్తే తప్ప దిగదు. పైగా కొలవవలసింది పిల్లల వీపు ఎత్తులో. అందువల్ల రాత్రి రెండు గంటలకు లుంగీతో బోర్లా పడుకుని, పెట్టె పక్కన కోసిన కిటికీలోంచి తల, ఒక భుజం లోపలికి దూర్చాను. 95 ఫారెన్‌హీటు, లెక్క సరిపోయింది. వెనక్కి వద్దామంటే భుజం రాలేదు. ఒక పిల్ల నా చెవిని దాణా అనుకుని పొడవసాగింది.

సరిగ్గా అప్పుడు బయట ఎవరో "బెంకి! బెంకి!" అని అరిచారు. కన్నడంలో బెంకి అంటే నిప్పు. పన్నెండేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాను, ఆ మాట నాకు బాగా తెలుసు. కానీ చుట్టూ అట్ట, చెవి దగ్గర పది గొంతులు, ఒళ్లంతా బంక వాసన. నాకు "బంకేదీ" అని వినిపించింది. అపార్ట్‌మెంటు వాళ్లు నోటీసులు అంటించుకోవడానికి అర్ధరాత్రి బంక అడుగుతున్నారా అని విసుగు వచ్చినా, మర్యాద తప్పకుండా పెట్టెలోంచే, "ఖాలి ఆయ్తు, నాళె తర్తీని" అన్నాను, అంటే అయిపోయింది, రేపు తెస్తానని. ఎర్రగా మండుతున్న బాల్కనీలోంచి రెండు కాళ్లు మాత్రం కనిపించే మనిషి, నిప్పు అయిపోయింది, రేపు తెస్తానంటే వాచ్‌మన్ ఏమనుకోవాలి? ఇసుక బకెట్ ఎత్తి నా నడుము మీద, పెట్టెలోను కుమ్మరించాడు.

నన్ను ఎవరు బయటికి లాగారో నాకు తెలియదు. కళ్లు తెరిచేసరికి అసోసియేషన్ సెక్రటరీ గారు ఫోనుతో ఫొటోలు తీస్తున్నారు. మా ఆవిడ, "ఏమండీ, ముందు లుంగీ" అంటోంది. పిల్లలు మాత్రం నిక్షేపంగా ఇసుక ఏరుకుని తింటున్నాయి. దాణా నలగడానికి వాటి కందనకాయకు ఇసుకరేణువులు కావాలట.

పొద్దున లిఫ్టులో నోటీసు వెలిసింది, బాల్కనీలలో నిప్పు రాజేస్తే 500 రూపాయల జరిమానా అని. దాన్ని అంటించిన బంక వాళ్లకు ఎక్కడ దొరికిందో మరి. ఇందాక సెక్రటరీ గారు బకెట్ ఇసుక తిరిగి నింపమని కబురు పంపారు. పిల్లలు తిన్నది పోగా మిగిలింది తూచి ఇస్తానన్నాను.