కాగితం పూలకు కరువు కావాలి

హైవే డివైడర్ మీద కాగితం పూల చెట్టుకు, అదే బోగన్‌విలియాకు, ఏం తక్కువ? అన్నీ తక్కువే. ట్యాంకరు వచ్చిననాడు నీళ్లు, రాననాడు లారీల పొగ. మట్టి అనేది పేరుకే, సగం సిమెంటు పెళ్లలు. అయినా ఎండలు ముదిరేసరికి ఆకు కనపడకుండా పూస్తుంది. అదే చెట్టు మన బాల్కనీకి వచ్చి, పొద్దున బియ్యం కడిగిన నీళ్లు, మధ్యాహ్నం టీపొడి పిప్పి, సాయంత్రం ఉల్లిపొట్టు కషాయం సేవించి, ఏడాది తిరిగేసరికి మూడు గజాల పచ్చటి కొమ్మా, అంగుళం ముల్లూ చేతిలో పెడుతుంది. ఇంతటి కృతఘ్నత మీద విచారణ జరగాల్సిందే.

జరిపితే మాత్రం ముద్దాయి చెట్టు కాదని తేలుతుంది. కొమ్మను దగ్గరగా పట్టుకుని చూడండి. ఆకుకాడ కొమ్మను కలిసే మూలలో ముల్లుంటుంది. పూలగుత్తి వచ్చేదీ సరిగ్గా ఆ మూల నుంచే. ముల్లంటే పూయడం మానుకున్న పూలకాడ. ఉన్నది ఒక్కటే సీటు. నీళ్లు, నత్రజని దండిగా అందితే చెట్టు ఆ టికెట్టు ముల్లుకిస్తుంది. రాత్రులు పొడవై, ఎండ బాగా తగిలి, నీళ్లు కరువైతే పువ్వుకిస్తుంది. మీరు పోసిన కషాయాలన్నీ ముల్లు తరఫు ప్రచారానికే ఖర్చయ్యాయి.

ఆ మాటకొస్తే మనం పువ్వనుకునేది పువ్వే కాదు. రంగు రేకులు మూడూ కండువా మార్చిన ఆకులు. అసలు పువ్వులు మధ్యలో తెల్లటి సన్నని గొట్టాల్లా, రేకుకొకటి చొప్పున, నడి ఈనెకు అతుక్కుని ఉంటాయి. వాటివైపు ఎవరూ చూడరు. పేరు సంగతీ అంతే. 1767లో రియో డి జనీరోలో ఈ తీగను సేకరించిన ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు కామెర్సన్, దానికి తన ఓడల దళనాయకుడు బోగన్‌విల్ పేరు పెట్టాడు. మగవేషంలో ఓడెక్కి, కామెర్సన్ వెంట మొక్కలు ఏరి మోసిన జాన్ బారే అనే ఆవిడ పేరు పెట్టలేదు. చాకిరీ ఒకరిది, శిలాఫలకం మీద పేరు ఇంకొకరిది!

ఇక కరువు అమలు విధానం. కుండీ 10–12 అంగుళాలు చాలు. పెద్దది ఇచ్చారా, వేళ్లు దాన్ని నింపుకునేదాకా పూత ఊసెత్తదు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు. నర్సరీ కవరును బ్లేడుతో నిలువునా కోసి, మట్టిగడ్డ చెదరకుండా దించాలి. ఈ వేళ్లు మట్టిని గట్టిగా పట్టుకోలేవు. పాత మట్టి దులిపి శుభ్రంగా నాటేవారి చేతిలో మొక్క శుభ్రంగా చస్తుంది. రోజుకు కనీసం 6 గంటల ఎండ. కుండీని నేల మీద పెట్టకండి. అడుగు చిల్లులోంచి వేరు దొడ్డిదారిన నేలలోకి దిగిందంటే, పైన మీరు ప్రకటించిన కరువు కాగితాలకే పరిమితం.

కొమ్మ నాటేవారికి ఇంకో పరీక్ష. వానాకాలంలో పెన్సిలు లావు, జానెడు పొడవు ముదురు కొమ్మను రెండు కణుపులు మునిగేలా గుచ్చితే, కొన్నాళ్లకే చిగురేస్తుంది. సంబరపడకండి. అది కొమ్మలో మిగిలిన పాత సొమ్ముతో చేసే దర్జా. వేరు పట్టడానికి 6 నుంచి 8 వారాలైనా కావాలి. ఈలోగా వేరొచ్చిందా అని లాగి చూడటం మన జాతీయ బలహీనత.

వానలు తగ్గాక కొమ్మల్ని మూడోవంతు కత్తిరించండి. నిట్టనిలువుగా దూసుకొచ్చే లావుపాటి కొమ్మల్ని మొదలంటా తీసేయండి. చేతికి తొడుగు ఉండాలి, ముల్లు గీరినచోట దద్దురు లేవచ్చు. గుప్పెడు ఎముకల పొడి వేయండి, యూరియా జోలికి పోవద్దు. కొత్త కొమ్మలు జానెడు సాగాక నీళ్లు ఆపాలి. మధ్యాహ్నం ఆకు వాలితే అది నటన, నమ్మొద్దు. తెల్లవారాక కూడా వాలి ఉంటే నిజం, అరచెంబు పోయాలి. రెండు మూడు వారాలు ఇలా గడిచాక కొమ్మ చివర్లలో మొగ్గ కనిపిస్తుంది. అప్పటినుంచి నీళ్లు మామూలుగా పోయాలి. అక్కడా పిసినారితనం చూపితే మొగ్గలు రాలిపోతాయి. పిండినల్లి పడితే లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

ఈ రెండు మూడు వారాలూ ఇంట్లో చెంబులు దాచేయడం మంచిది. ఊరెళ్తూ తాళంచెవి పక్కింట్లో ఇచ్చేటప్పుడు ఆ కుండీ ప్రస్తావన అసలు తేవద్దు. నీళ్లు పోయవద్దని చెప్పారో, "పాపం ఎండిపోతోందండీ, చూడలేక పోశాం" అని వాళ్లే ఫోన్ చేస్తారు. టీపొడి కూడా వేసే ఉంటారు.