ప్రశ్నావళి గారికి, ఉరవకొండ దగ్గరి ఒక ఇంటి నుంచి

గౌరవనీయులైన ప్రశ్నావళి గారికి,

నమస్కారం. గుర్తుపట్టారా? రోజుకు ఎన్నో ఇళ్ళు తిరుగుతారు కాబట్టి గుర్తుండకపోవచ్చు. వేపచెట్టు కింద తాడిపత్రి బండలు పరిచిన కట్ట ఉన్న ఇల్లు మాది. మనిషికి డిప్రెషన్, అంటే మనసులో దిగులు, ఎంతుందో అడిగి మార్కులేసే ప్రశ్నల చిట్టా కదా మీరు. మీరు ట్యాబ్‌లో కూర్చొని దర్జాగా వచ్చారు. మిమ్మల్ని మోసుకొచ్చిన అమ్మాయి ఎండకు కళ్ళు తిరిగి పడబోతే మా అమ్మ మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది. ఎక్కడో కోస్తా నుంచి వచ్చిన పిల్ల, మా అవ్వ మాట ఆమెకు సగం అర్థమైంది, ఆమె మాట మా అవ్వకు సగం అర్థమైంది. మీ మాట మాత్రం ఇద్దరికీ అర్థం కాలేదు.

మొదటి ప్రశ్నకే మీ పాండిత్యం తెలిసిపోయింది. "గడచిన రెండు వారాలలో, పనులు చేయుటయందు ఆసక్తి లేదా ఆనందము కొరవడుట వలన మీరు ఎంత తరచుగా ఇబ్బందికి గురైనారు?" అవ్వ కాసేపు లెక్కేసుకొని, "రెండు వారాలంటే పున్నం నుంచి అమాసకా?" అంది. అంతే అనుకోండి అవ్వా అంది పిల్ల. "కలుపు తీసేదాంట్లో ఆనందమేముంటాదమ్మా, నడుం నొప్పి తప్ప." పాపం ఆ అమ్మాయికి మీరిచ్చిన గడులు నాలుగే: అసలు లేదు, కొన్ని రోజులు, సగం కంటే ఎక్కువ రోజులు, దాదాపు ప్రతిరోజూ. నడుం నొప్పికి గడి లేదు. ఆ అమ్మాయి "దాదాపు ప్రతిరోజూ" నొక్కేసింది. మా అవ్వకు బోణీలోనే మూడు మార్కులు.

మీ అసలు పేరు పీహెచ్‌క్యూ-9 అనీ, తొమ్మిది ప్రశ్నలకు మొత్తం 27 మార్కులనీ, మార్కులు పెరిగేకొద్దీ దిగులు ఎక్కువనీ, 2001లో అమెరికా రోగుల మీద మిమ్మల్ని పరీక్షించి అచ్చేశారనీ తర్వాత చదివాను. మీరు చెడ్డవారని నేననడం లేదు. డిప్రెషన్‌ను ఐదు నిమిషాల్లో పసిగట్టడానికి ఎన్నో దేశాల డాక్టర్లు మిమ్మల్నే నమ్ముకున్నారు. కాకపోతే మా ఊరికి బయల్దేరేముందు మా మాట నాలుగు ముక్కలు నేర్చుకొని రావాల్సింది.

మా దగ్గర దీనికి మాటల్లేవనుకున్నారేమో, బోలెడున్నాయి. బేజారు ఉంది. బేజారంటే ఉత్త విసుగు అనుకునేరు, బోరు ఎండిపోయిన రోజు మనిషి కంచం ముందు కూర్చొని సంగటి ముద్ద చిదుపుతానే ఉండి తినకుండా చెయ్యి కడుక్కుంటాడే, అదీ బేజారే. "యోచన జాస్తి అయింది" అని ఇంకోటి ఉంది, అది నిద్రను తినేస్తుంది. డాక్టరు దగ్గరికి పోయి మనసు బాగలేదని మాత్రం ఎవరూ అనరు, ఒళ్ళు మంటలంటారు, గుండె దడంటారు, ఒక గ్లూకోజు బాటిల్ ఎక్కించుకొని వచ్చేస్తారు. మనసు మాటెత్తితే "వీణ్ని ఎర్రగడ్డకు పంపాల" అని నవ్వే ఊళ్ళు మరి మావి.

జింబాబ్వేలో షోనా భాషవాళ్ళు కూడా కుఫుంగిసిసా అంటారట, అంటే అచ్చంగా మా యోచన జాస్తి కావడమే! 1990ల్లో అక్కడ జనం నోట విన్న మాటలతోనే 14 ప్రశ్నలు రాసుకున్నారు. ఆ పనిలో మన దేశపు డాక్టరు విక్రమ్ పటేల్ చెయ్యి కూడా ఉంది, కాబట్టి బయటివాళ్ళు రాకూడదని కాదు నా బాధ. ఆ తర్వాత 2006లో డిక్సన్ చిబాండా అనే అక్కడి మానసిక వైద్యుడు 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి ఆస్పత్రి ఆవరణలో బెంచీల మీద కూర్చోబెట్టాడు, వచ్చినవాళ్ళ కష్టం వినమని. 573 మందితో ట్రయల్ చేస్తే, మామూలు వైద్యం అందినవాళ్ళ కంటే బెంచీ దగ్గరికి పోయినవాళ్ళే బాగా తేరుకున్నారు. అది 2016లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో అచ్చయింది. అవ్వలకు మా దగ్గర కరువా? బెంచీ లేకపోయినా రచ్చబండ ఉంది.

సరే, మీ తొమ్మిదో ప్రశ్న. చచ్చిపోతే బాగుండునని ఎన్నిరోజులు అనిపించింది? పక్కన కోడలుంది, ట్యాబ్ చూద్దామని వచ్చిన పక్కింటోళ్ళు ఇద్దరున్నారు, మా చిన్నోడు అవ్వ ఒళ్ళోనే ఉన్నాడు. అవ్వ నవ్వుతా "అసలు లేదు" అంది. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న ఆశా అక్క మాత్రం నవ్వలేదు. మా తాత పోయినప్పటి నుంచి అవ్వ ఎట్లా ఉందో ఆమెకు తెలుసు, ఆ మాట ఎప్పుడు అడగాలో, ఎక్కడ అడగాలో కూడా తెలుసు. కానీ మీవాళ్ళు ఆమెకు ఇచ్చిన పని ఇళ్ళు చూపించడం. మన రాష్ట్రంలోనే పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తల చేతికే ట్యాబ్ ఇచ్చి వాళ్ళచేతే అడిగించిన పరిశోధన జరిగిందని మీకు తెలియదా? (ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా ఆ తొమ్మిదో ప్రశ్నకు జవాబు "అవును" అయితే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్, మనసు బాగలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.)

మీ పెద్దక్క ఎంఎంఎస్‌ఈ, 1975 నాటి జ్ఞాపకశక్తి పరీక్ష, ఇంకా ఘనురాలు. ఈమధ్య మతిమరుపని అవ్వను పట్నం తీసుకుపోతే కాగితం మీద రెండు ఐదుకోణాల బొమ్మలు గీయమన్నారు. జన్మలో పెన్ను పట్టని మనిషి. పెన్నును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత ముగ్గుపిండి ఇయ్యి నాయనా, ఏస్తా" అంది. 21 చుక్కల ముగ్గు చుక్క తప్పకుండా వేసే చెయ్యి అది. ఆ బొమ్మకు సున్నా వేశారు.

భాగస్వామ్యం గురించి కూడా చెప్పాలి. జిల్లా కేంద్రంలో మీవాళ్ళు పెట్టిన మీటింగులో పెద్ద బ్యానరు మీద "స్థానిక భాగస్వామ్యం" అని రాశారు. స్థానికులుగా మేం సమకూర్చినవి కుర్చీలు, ఉగ్గాని బజ్జీ. ప్రశ్నలు, లెక్కలు, పేపరు మీద పేర్లు మీవి. పక్కనే బళ్ళారిలో 1980ల్లో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు పీహెచ్‌సీ డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి వాళ్ళతోనే పని నడిపించారు, 1996లో వచ్చిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. 1882 దాకా మా అనంతపురంవాళ్ళమూ బళ్ళారి జిల్లాలోనే ఉన్నాం, తొందరపడి విడిపోయాం. ఇక 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేస్తే తమిళనాడుంది, కేరళ ఉంది, మన రాష్ట్రం లేదు. మాకు బేజారే ఉండదనుకున్నారేమో.

మళ్ళీ వచ్చేటట్లయితే ట్యాబ్‌లోకి ఎక్కకముందే రండి. ఆశా అక్క ఇంటి దగ్గర దిగండి, ఆమె కొట్టేయమన్నవి కొట్టేయించుకోండి. చెనక్కాయ పీకే రోజుల్లో మాత్రం వద్దు, ఎవరూ దొరకరు.

అన్నట్టు, అవ్వ ఇప్పటికీ అడుగుతానే ఉంది, "ఆ పిల్ల మళ్ళా వచ్చిందా? నాకెన్ని మార్కులొచ్చినాయంట?"

ఇట్లు,
మీ ట్యాబ్‌లో "రెస్పాండెంట్ 0417" గారి మనవడు