వడ్డాణం పెట్టి పొలం తప్పించారు

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడితే చాలు, అమలాపురం నుంచి భీమవరం దాకా ఏ ఇంటికెళ్లినా ఒకటే మాట, అమ్మాయికి ఎన్ని కాసులు పెడుతున్నారని. 2025లో 10 గ్రాముల బంగారం లక్ష దాటింది, అయినా ఆ ప్రశ్న మారలేదు. కాసంటే 8 గ్రాములు, 20 కాసులంటే 160 గ్రాములు, ఆపైన తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ. అప్పు చేసైనా పెడతారు, ఆచారం కదా అంటారు. నాకైతే ఇందులో ఆచారం కనపడటం లేదు. పిల్లకి పొలంలో వాటా ఇవ్వకుండా సర్దిచెప్పడానికి పెద్దలు వెతుక్కున్న దారి కనపడుతోంది.

ఆచారం అడిగేవేంటో చూడండి. నలుగు, మంగళస్నానం, కాళ్లకి పారాణి, బుగ్గన చుక్క, నుదుట బాసికం, ఎర్రంచు తెల్ల మధుపర్కాలు, పుట్టింటిదొకటి అత్తింటిదొకటి రెండు సూత్రాలు, నల్లపూసలు, వెండి మెట్టెలు. ఇక పూలజడ. మా అక్క పెళ్లి వైశాఖంలో, తెల్లారకుండానే కడియం నుంచి పూలబుట్టలు దిగాయి, విచ్చని మల్లెమొగ్గలు, కనకాంబరాలు, మరువం. మేనత్త అక్క వెనక పీట వేసుకుని కూర్చుని, పొడవాటి అట్టముక్క మీద మొగ్గల్ని వరసకట్టి సూదితో కుట్టి, మధ్యమధ్య కనకాంబరాలతో గళ్లు తీసి, దాన్ని జడకి పట్టించేసరికి రెండు గంటలు పట్టింది. సూది తగిలినప్పుడల్లా అక్క "అత్తా!" అని అరిచేది, "మెడ తిప్పకే" అని ఆవిడ కసిరేది. తలంబ్రాల వేళకి మొగ్గలు విచ్చుకుని పందిరంతా ఒకటే వాసన. ఇంత అందాన్ని ఎవరూ తూకం వేయలేదు. ఇప్పుడు బ్యూటీషియన్ రెడీమేడ్ జడ తెచ్చి పది నిమిషాల్లో తగిలించేస్తుంటే ఎవరికీ బాధ లేదు, వడ్డాణం రెండు కాసులు తగ్గితే మాత్రం ఇంట్లో అన్నాలు మానేస్తారు.

ఆ రోజు అక్క నడుముకి పెట్టిన వడ్డాణం నాలుగేళ్లకే బ్యాంకులో కుదువకి వెళ్లింది. బావ రొయ్యల చెరువు వేశాడు, రొయ్యలకొచ్చే వైట్‌స్పాట్ తెగులు సోకి పట్టుబడికి ముందే చెరువంతా పోయింది. వడ్డీ పెరిగిపోతుంటే విడిపించి అమ్మేశారు, రాళ్లూ తరుగూ పోగా చేతికొచ్చింది చాలా తక్కువ. అక్కని అడిగింది లేదు, చెప్పారంతే. స్త్రీధనం, అంటే పెళ్లిలో ఆమెకి పెట్టిన నగలూ సొమ్మూ, పూర్తిగా భార్యదే, భర్త దానికి కాపలాదారు మాత్రమేనని సుప్రీంకోర్టు ప్రతిభా రాణి కేసులో 1985లోనే చెప్పింది. మన ఇళ్లల్లో మాత్రం లాకర్ తాళం ఎవరి చేతిలో ఉంటే నగ వాళ్లదే.

ఇంకో సంగతి కూడా ఆ ఏడాదిదే. అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా వచ్చేలా ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా. కేంద్రం అదే పని చేసింది 2005లో. అంటే మనం 20 ఏళ్లు ముందున్నాం. ఉండి చేసిందేంటి? ఆడపడుచుల్ని కారెక్కించి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్లడం, వాటా వదులుకుంటున్నానని రాసే హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించడం, చీర పెట్టి పంపేయడం. "నీ పెళ్లికి అంత పెట్టాం కదమ్మా" అనేసరికి ఆ పిల్ల నోరు మూతపడిపోతుంది. పసుపు కుంకుమల కింద కూతురికి ఎకరమో అరెకరమో రాసిచ్చిన ఇళ్లు ఇదే గోదావరి జిల్లాల్లో ఉన్నాయి, ఆ మాట ఇంకా వాడుకలోనే ఉంది, ఇచ్చేది మాత్రం నగలైపోయింది.

బంగారమైతే ఆపదలో గంటలో డబ్బవుతుంది, పొలమైతే అత్తారింటికి దూరం, ఎవరు చేస్తారు, అన్నదమ్ములతో తగువెందుకు అంటారు. గంటలో డబ్బయ్యే మాట నిజమే, మా అక్క విషయంలో ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్లిందో చెప్పాను. ఎవరు చేస్తారన్నది మాత్రం డెల్టాలో అడగాల్సిన ప్రశ్న కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవల కింద మాగాణి అయిన ఈ నేలని ఇవాళ చాలా ఊళ్లల్లో దున్నుతున్నది కౌలు రైతే. హైదరాబాద్‌లో కూర్చున్న తమ్ముడికి, అమెరికాలో ఉన్న అన్నకి ఎకరానికి ఇన్ని బస్తాలని కౌలు అందుతుంటే, పక్క మండలంలో ఉన్న చెల్లెలికి ఎందుకు అందకూడదు? వడ్డాణాన్ని ఆమెకి చెప్పకుండా బీరువాలోంచి తీసుకెళ్లొచ్చు. పాస్‌బుక్‌లో ఆమె పేరున్న పొలాన్ని ఆమె సంతకం లేకుండా అమ్మలేరు.

మా అన్నయ్య కూతురి పెళ్లి వచ్చే మాఘంలో. వడ్డాణం, వంకీలు, కాసులపేరు అద్దెకి తెద్దాం, పూలజడ మేనత్త చేతే కుట్టిద్దాం, కాలవ పక్క అరెకరం దాని పేర రాయి అన్నాను. అన్నయ్య మాట్లాడలేదు. వదిన వంటింట్లోంచి వచ్చి, రిజిస్ట్రేషన్‌కి ఏమేం కాగితాలు కావాలో కనుక్కోండి అంది.