‘ఎడ్యుకేషన్ లోన్ కట్టకపోయినా ఏమీ కాదు’ అన్న ప్రచారానికి జవాబు

విద్యారుణం తీసుకున్న పిల్లల చేతుల్లోనూ, వారి తల్లిదండ్రుల చేతుల్లోనూ వాట్సాప్ ద్వారా తిరుగుతున్న ఒక సందేశం సారాంశం ఇది. ఏడున్నర లక్షల లోపు ఎడ్యుకేషన్ లోన్‌కు తాకట్టు లేదు కనుక బ్యాంకు దేనినీ జప్తు చేయలేదట. ఉద్యోగం రాకపోతే కట్టనక్కరలేదట. మూడేళ్ళు ఓపిక పడితే అప్పు మురిగిపోతుందట. ప్రభుత్వ గ్యారంటీ నిధి బ్యాంకుకు ఎలాగూ డబ్బు ఇస్తుందట, మిగిలింది బ్యాంకే రైట్ ఆఫ్ చేసుకుంటుందట. విదేశం వెళ్ళినవాడిని ఎవరూ ఏమీ చేయలేరట. అప్పు కట్టకపోవడం నేరం కాదు కనుక భయపడాల్సిన పని లేదట. నోటీసు వస్తే తీసుకోకుండా తిప్పి పంపితే సరిపోతుందట.

ఇది పూర్తి అబద్ధమైతే ఇంతమంది నమ్మేవారు కాదు. దాదాపు ప్రతి వాక్యం వెనుకా ఒక అర నిజం ఉంది. ఆ నిజం ఎక్కడ ఆగిపోయి, అబద్ధం ఎక్కడ మొదలవుతుందో తెలియకపోవడం వల్లనే కుటుంబాలు నష్టపోతున్నాయి.

ముందుగా తాకట్టు సంగతి. భారతీయ బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా విద్యారుణ పథకం కింద ఏడున్నర లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగకుండా అప్పు ఇస్తున్న మాట వాస్తవం. అయితే తాకట్టు లేకపోవడం అంటే బ్యాంకు ముందుగా ఏ ఆస్తినీ తన పేర రాయించుకోలేదని మాత్రమే అర్థం. బాకీదారు ఆస్తి దేనినీ ఎప్పటికీ తాకలేదని దానికి అర్థం కాదు. బ్యాంకు సివిల్ కోర్టులో దావా వేసి డిక్రీ, అంటే బాకీ కట్టాలన్న కోర్టు ఉత్తర్వు, తెచ్చుకుంటే, ఆ డిక్రీని అమలు చేయించుకోవడానికి ఈపీ (అమలు పిటిషన్) వేసి, బాకీదారు పేర ఉన్న స్థలాన్నో, ఇంటినో, బ్యాంకు నిల్వనో, జీతాన్నో జప్తు చేయించవచ్చు. డిక్రీ ఒకసారి వచ్చిందంటే దానిని అమలు చేయించుకోవడానికి 12 ఏళ్ళ గడువు ఉంటుంది. చదువు ముగిసిన కొత్తలో పేరున ఏమీ లేని కుర్రవాడు ఆ పన్నెండేళ్ళలో ఉద్యోగంలో చేరి, పెళ్ళి చేసుకుని, ఒక ఫ్లాట్ కూడా కొనుక్కుని ఉండవచ్చు.

జీతం జప్తుకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో స్పష్టమైన లెక్క ఉంది. జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలిన మొత్తంలో మూడింట రెండు వంతులు జప్తుకు అతీతం. అంటే లెక్కలోకి వచ్చే జీతం 31,000 రూపాయలైతే నెలకు 10,000 వరకు కోర్టు ఆపించగలదు. ఒకే డిక్రీ కింద ఇలా మొత్తం 24 నెలలు మాత్రమే చేయవచ్చు. పింఛను, ప్రావిడెంట్ ఫండ్ నిల్వ ఈ జప్తు పరిధిలోకి రావు. బ్యాంకు మనిషి ఇంటికి వచ్చి రిటైరైన పెద్దాయనను ‘మీ పింఛను ఆపించేస్తాం’ అని బెదిరిస్తే అది కూడా అబద్ధమేనని ఈ సందర్భంలోనే చెప్పాలి.

ఈ సందేశం మొత్తంలో నాకు అన్నిటికన్నా అభ్యంతరకరంగా తోచింది అందులో లేని ఒక మాట. విద్యారుణంలో విద్యార్థి ఒక్కడే బాకీదారు కాడు. సాధారణంగా తండ్రో తల్లో సహరుణగ్రహీతగా సంతకం చేస్తారు. ‘ముందు అబ్బాయిని అడగాలి, వాడు కట్టలేకపోతేనే కదా నన్ను అడగాలి’ అని చాలామంది తండ్రులు అనుకుంటారు. చట్టం అలా లేదు. కలిసి అప్పు తీసుకున్నవారిలో ఎవరి నుంచైనా మొత్తం బాకీని వసూలు చేసుకునే హక్కు అప్పిచ్చినవారికి ఉందని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ చెబుతుంది. హామీదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానమని అదే చట్టం 128వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి కొడుకు ఎగ్గొట్టిన అప్పుకు తండ్రి పేర ఉన్న ఇంటి స్థలం మీదకు దావా రావడానికి చట్టపరంగా ఏ అడ్డూ లేదు. ‘ఐపీ (దివాలా పిటిషన్) పెట్టేస్తే పోతుంది’ అనే ఉచిత సలహా ఇచ్చేవారు కూడా ఈ విషయమే మరిచిపోతారు: విద్యార్థి దివాలా ప్రకటించుకుని విముక్తి పొందినా, అతనితో కలిసి సంతకం చేసినవారికి ఆ విముక్తి వర్తించదు.

ఏడున్నర లక్షలు దాటిన అప్పుల్లో, ముఖ్యంగా విదేశీ చదువులకు తీసుకున్నవాటిలో, ఇల్లో స్థలమో తాకట్టు పెట్టి ఉంటారు. అక్కడ బ్యాంకుకు దావా వేయాల్సిన అవసరం కూడా ఉండదు. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, అప్పటికీ బాకీ తీర్చకపోతే ఆస్తిని స్వాధీనం చేసుకుని వేలం వేయవచ్చు. వ్యవసాయ భూమికి మాత్రం ఈ చట్టం వర్తించదు.

ఉద్యోగం రాకపోతే కట్టనక్కరలేదన్నది రెండో మాట. చదువు కాలానికి తోడు మరో ఏడాది వరకు వాయిదాలు మొదలుకావన్నది నిజం. ఆ గడువు దాటాక ఉద్యోగం వచ్చినా రాకపోయినా వాయిదా మొదలవుతుంది. గడువు కాలంలో కూడా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. వాయిదాలు మొదలయ్యే నాటికి అది అసలుకు చేరుతుంది. ఏడు లక్షల బాకీ, పది శాతం వడ్డీ అనుకుందాం. వడ్డీ ఏడాదికి ఒక్కసారే అసలులో కలుస్తుందనుకున్నా, ఏమీ కట్టకుండా మూడేళ్ళు గడిస్తే బాకీ 9,31,700 రూపాయలవుతుంది. నెలనెలా కలిస్తే ఇంకా ఎక్కువ. దీనికి జరిమానా ఛార్జీలు అదనం.

నిరుద్యోగానికి పరిష్కారం లేదా అంటే, ఉంది. ఉద్యోగం లేని కాలానికీ, చాలీచాలని జీతం వచ్చే కాలానికీ అప్పు మొత్తం కాలంలో రెండు మూడు సార్లు మారటోరియం, అంటే వాయిదాలకు విరామం, ఇవ్వడానికి నమూనా పథకంలోనే వీలుంది. వాయిదాల కాలాన్ని 15 ఏళ్ళ వరకు పెట్టడానికీ వీలుంది. అయితే ఇది అడిగితేనే వస్తుంది, ఖాతా చెడిపోకముందు అడిగితే సులువుగా వస్తుంది. వాయిదా బాకీ 90 రోజులు దాటితే ఖాతాను మొండి బకాయిగా లెక్కిస్తారు. ఆ తర్వాత అదే అధికారి చేతిలో ఉన్న వెసులుబాటు చాలా తగ్గిపోతుంది. సందేశాన్ని నమ్మి ఫోన్ ఎత్తకుండా కూర్చున్నవారు పోగొట్టుకునేది సరిగ్గా ఈ మూడు నెలలనే.

మూడేళ్ళ కథ మన ప్రాంతాల్లో బాగా ఎక్కుతుంది. ప్రామిసరీ నోట్ల వ్యవహారం చూసినవారందరికీ ‘నోటు మురిగిపోవడం’ తెలుసు కనుక బ్యాంకు అప్పూ అంతేననుకుంటారు. 1963 నాటి కాలపరిమితి చట్టం మూడేళ్ళ గడువు పెట్టిన మాట నిజమే. అయితే ఆ మూడేళ్ళు అప్పు ఇచ్చిన రోజు నుంచి మొదలుకావు. చెల్లించాల్సిన రోజు నుంచి లెక్కిస్తారు. నోటు వెనుక చెల్లు వేయించుకుంటే దానికి మళ్ళీ మూడేళ్ళ ప్రాణం వస్తుందని పల్లెల్లో అప్పులిచ్చేవారికి తెలిసిన సూత్రమే బ్యాంకుకూ తెలుసు. గడువు లోపల బాకీ ఉన్నట్టు ఒప్పుకుంటూ సంతకం పెట్టినా, సంతకంతో కొంత సొమ్ము జమచేసినా గడియారం తిరిగి మొదటికి వస్తుంది. బ్యాంకువారు ‘ఊరికే రికార్డు కోసం’ అంటూ సంతకం పెట్టించుకునే రివైవల్ లెటర్ చేసే పని ఇదే. తాకట్టు ఉన్న అప్పుకైతే ఆస్తి మీద హక్కుకు గడువు 12 ఏళ్ళు. పైగా గడువు దాటితే పోయేది దావా వేసే మార్గం మాత్రమే, అప్పు కాదు. గడువు దాటిన అప్పును కడతానని కాగితం మీద రాసిస్తే ఆ వాగ్దానం చెల్లుతుందని కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ చెబుతుంది. ఇన్ని దారులున్న బ్యాంకు మూడేళ్ళు నిద్రపోతుందని ఆశపెట్టుకోవడం తెలివైన పని కాదు.

గ్యారంటీ నిధి గురించి చెప్పే మాట కూడా సగమే. విద్యారుణాలకు కేంద్ర ప్రభుత్వ పరపతి హామీ నిధి ఉంది. ఏడున్నర లక్షల లోపు అప్పు మొండి బకాయి అయితే నష్టంలో 75 శాతం వరకు ఆ నిధి బ్యాంకుకు ఇస్తుంది. ఇది బ్యాంకు తన కోసం చేయించుకున్న బీమా లాంటిది. బాకీదారు తరఫున ఎవరూ అప్పు తీర్చినట్టు కాదు; క్లెయిము వచ్చాక కూడా బ్యాంకు వసూలు ప్రయత్నం కొనసాగించాలి, వసూలైనదానిలో నిధి వాటాను నిధికి జమచేయాలి. రైట్ ఆఫ్ కూడా అంతే. అది బ్యాంకు లెక్కల పుస్తకంలో జరిగే సర్దుబాటు. రైట్ ఆఫ్ చేసినా బాకీదారులు చెల్లించాల్సిందేనని కేంద్ర ఆర్థికశాఖ పార్లమెంటులో పదేపదే చెప్పింది. మాఫీ వేరు, రైట్ ఆఫ్ వేరు. రైతు రుణమాఫీలు చూసిన కళ్ళకు రెండూ ఒకటిగా కనిపించడం సహజం. 2014 మధ్యంతర బడ్జెట్‌లో 2009 మార్చి నెలాఖరు లోపు తీసుకున్న విద్యారుణాలపై 2013 డిసెంబరు వరకు పేరుకున్న వడ్డీ భారాన్ని ప్రభుత్వం తీసుకుంటానని ప్రకటించింది. అందులోనూ అసలు మాఫీ కాలేదు, ఆ తర్వాతి వడ్డీ కూడా మాఫీ కాలేదు.

కోర్టు దాకా వెళ్ళకముందే జరిగే నష్టం ఒకటి ఉంది, సందేశం దానిని తలవనే లేదు. అప్పుల చరిత్రను నమోదు చేసే సిబిల్ వంటి సంస్థలకు బ్యాంకులు 2025 జనవరి నుంచి కనీసం పదిహేను రోజులకొకసారి వివరాలు పంపాలి. ఎగవేత విద్యార్థి రిపోర్టులోనే కాదు, సహరుణగ్రహీత రిపోర్టులోనూ పడుతుంది. తమ్ముడి చదువుకు లోన్ కావాలని అదే తండ్రి మళ్ళీ బ్యాంకుకు వెళితే ఎదురయ్యేది అదే రిపోర్టు. ఉద్యోగాల విషయంలో ప్రభుత్వ రంగ బ్యాంకుల పరీక్షలకు సిద్ధమవుతున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. మంచి పరపతి చరిత్ర ఉండాలన్న నిబంధన ఆ నోటిఫికేషన్లలోనే ఉంటోంది. పరపతి చరిత్ర బాగాలేదన్న కారణంతో ఒక అభ్యర్థి నియామకాన్ని స్టేట్ బ్యాంకు రద్దు చేస్తే, 2025లో మద్రాసు హైకోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది. ఆ కేసులోవి వ్యక్తిగత రుణాలు, క్రెడిట్ కార్డు బాకీలు. కానీ నిబంధనలో అప్పు ఏ రకానిదన్న తేడా లేదు. బ్యాంకుతో రాజీకి వచ్చి కొంత తగ్గించి కట్టినా ఖాతా మీద ‘సెటిల్డ్’ అన్న గుర్తు మిగులుతుంది. పూర్తిగా కట్టి మూసిన ఖాతాతో దానిని ఏ బ్యాంకూ సమానంగా చూడదు.

విదేశం మాట క్లుప్తంగా. బ్రిటన్‌లో 1933 నాటి చట్టం కింద భారత కోర్టు డిక్రీని నమోదు చేయించి అమలు చేయించుకునే మార్గం ఉంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌తో 1999లో ఇలాంటి ఒప్పందం కుదిరింది. అమెరికాతో అలాంటి ఒప్పందం లేదు, అక్కడ మళ్ళీ దావా వేయాలి. చిన్న మొత్తాలకు బ్యాంకులు అంత దూరం పోవడం అరుదేనని ఒప్పుకుంటాను. పోవాల్సిన అవసరం వాటికి లేదు కూడా: సంతకం చేసిన తండ్రి ఇక్కడే ఉన్నాడు.

జైలు లేదన్నది ఈ సందేశంలో నిజానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న మాట. చెల్లించే శక్తి లేనివాడిని అప్పు కట్టలేదన్న ఒక్క కారణంతో జైలుకు పంపరాదని సుప్రీంకోర్టు 1980లోనే తీర్పు చెప్పింది. పోలీసులను పంపిస్తామనే వసూలు ఏజెంటు బెదిరింపు చెల్లదు. ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తర్వాత వసూలు కోసం ఫోన్ చేయరాదని 2022లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అయితే వాయిదా కోసం ఇచ్చిన చెక్కు డబ్బు లేక తిరిగివస్తే, నోటీసు తర్వాత కూడా కట్టకపోతే, అది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు. శిక్ష రెండేళ్ళ వరకు ఉండవచ్చు. ఖాతా నుంచి నేరుగా వాయిదా మళ్ళించుకునే ఏర్పాటు విఫలమైనా అలాంటి కేసుకు 2007 నాటి చెల్లింపుల చట్టంలో వీలుంది. శక్తి ఉండీ కావాలని డిక్రీ సొమ్ము ఎగ్గొట్టేవారికి 1980 తీర్పు రక్షణ ఇవ్వదు.

ఇక నోటీసును తిప్పి పంపడం. దీనికన్నా ప్రమాదకరమైన సలహా ఆ సందేశంలో మరొకటి లేదు. సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన నోటీసును ‘తీసుకోవడానికి నిరాకరించారు’ అని పోస్ట్‌మన్ రాసి తిప్పి పంపితే అది అందినట్టే కోర్టులు భావిస్తాయి. సమన్లకు కూడా హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మన వాదన వినకుండానే ఇచ్చే డిక్రీ, వస్తుంది. వడ్డీ లెక్క తప్పని, కట్టిన వాయిదా జమ కాలేదని, అడగకుండా ఛార్జీలు వేశారని వాదించే అవకాశం అక్కడితో పోతుంది. లోక్ అదాలత్‌లో బ్యాంకుతో మాట్లాడి తగ్గించుకునే సందర్భమూ దాదాపు పోయినట్టే. ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయమని అదే కోర్టును అడగవచ్చు. దానికి గడువు 30 రోజులు, రాకపోవడానికి తగిన కారణం కూడా చూపాలి. నోటీసును తానే తిప్పి పంపినవాడు ఆ కోర్టుకు ఏ కారణం చూపగలడో ఆ సందేశం రాసినవారు చెప్పలేదు.