ముందుగా పలకరించే చాట్‌బాట్ కావాలి

అమెరికాలో, అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీకి ఏటా ఒక బెంగ ఉండేది. సీటొచ్చి, చేరతామని చెప్పిన పిల్లల్లో కొంతమంది క్లాసులు మొదలయ్యేనాటికి పత్తా ఉండేవారు కాదు. ఆర్థిక సాయం దరఖాస్తులోనో, టీకా సర్టిఫికెట్ దగ్గరో చిక్కుకుని ఆగిపోయేవారు. 2016 వేసవిలో యూనివర్సిటీ పౌన్స్ అనే చాట్‌బాట్‌ను, అంటే మెసేజ్‌లకు తానే జవాబిచ్చే ప్రోగ్రామ్‌ను, తెచ్చింది. దానికి యాప్ అక్కర్లేదు, మామూలు ఎస్సెమ్మెస్ చాలు. ఆ ఒక్క వేసవిలో అది 2 లక్షలకు పైగా ప్రశ్నలకు జవాబిచ్చింది. మెసేజ్‌లు అందినవారిలో ఇలా జారిపోవడం, అందనివారితో పోలిస్తే, ఐదో వంతుకు పైగా తగ్గింది.

పౌన్స్ గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా ఈ 2 లక్షల అంకెనే చెబుతారు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది, అది తానే ముందు పలకరించడం. ఎవరి దరఖాస్తు ఎక్కడ ఆగిందో రికార్డుల్లో చూసి, ఆ విద్యార్థికి ఆ సంగతే మెసేజ్ పెట్టేది.

అదే ఏడాది, అదే ఊళ్లో, జార్జియా టెక్‌లో ప్రొఫెసర్ అశోక్ గోయల్ తన ఆన్‌లైన్ కోర్సులో జిల్ వాట్సన్ అనే బాట్‌ను టీచింగ్ అసిస్టెంట్‌గా పెట్టారు. సందేహాలకు అది చక్కగా జవాబులిచ్చింది. కానీ సందేహం రాసి అడిగేవాడు అప్పటికే చదువులో ఉన్నాడు. వెనకబడుతున్నవాడు అడగడు. ఏమడగాలో తెలియక, అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటంతో ఊరుకుంటాడు. జార్జియా స్టేట్ తర్వాత అమెరికా ప్రభుత్వ వ్యవస్థ మీద ఉన్న ఒక కోర్సులోనూ ఇలాంటి మెసేజ్‌లు వాడింది. క్విజ్ ఎప్పుడు, ఏ అసైన్‌మెంట్ మిగిలింది అని గుర్తుచేస్తుంటే గ్రేడ్లు మెరుగుపడ్డాయి. ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చినవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది.

ఇక మన ఇంజనీరింగ్ కాలేజీలు. జేఎన్‌టీయూ నిబంధన ప్రకారం 75 శాతం హాజరు ఉండాలి. 65 ఉన్నా తగిన కారణం చూపి, ఆ లోటుకు మినహాయింపుగా కాండొనేషన్ ఫీజు కట్టి పరీక్ష రాయొచ్చు. అంతకన్నా తగ్గితే డిటెయిన్, అంటే పరీక్ష రాయనివ్వరు. ఈ నోటిఫికేషన్లు పీడీఎఫ్‌గా క్లాస్ వాట్సాప్ గ్రూపులో పడి, మిగతా మెసేజ్‌ల కింద ఎక్కడికో పోతాయి. తెలుగు మీడియం నుంచి వచ్చిన ఫస్టియర్ కుర్రాడికి అది తనకు వర్తిస్తుందో లేదో కూడా తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో మొదలైన ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్ర ద్వారా ఇంటర్ హాల్‌టికెట్లు వాట్సాప్‌లోనే అందాయి. అంటే దారి ఉంది. "నీ అటెండెన్స్ 68 దగ్గరుంది, కాండొనేషన్ ఫీజుకు శుక్రవారం ఆఖరు" అని ఆ కుర్రాడికే, తెలుగులో, మెసేజ్ రావడం మిగిలింది. ఆ మెసేజ్ ముందు వెళ్లాల్సింది అతనికి, వాళ్ల నాన్నకు కాదు.

బాట్ వచ్చింది కదా అని మనుషుల్ని తగ్గిస్తామంటే మాత్రం ఒప్పుకోకూడదు. పౌన్స్ రాకముందే జార్జియా స్టేట్ 40 మందికి పైగా కొత్త సలహాదారులను నియమించుకుంది. బాట్‌కు తెలియని ప్రశ్న ఒక మనిషి దగ్గరికి వెళ్లేది. మన యూనివర్సిటీల్లో అధ్యాపక పోస్టులే ఏళ్ల తరబడి ఖాళీ. "సార్, చదువు మానేద్దామనుకుంటున్నా" అని రాత్రి పదకొండింటికి రాసిన అమ్మాయికి మర్నాడు పొద్దున ఫోన్ చేసే మనిషి లేకపోతే, పిల్లలకు ఆ బాట్ నంబర్ ఇవ్వడమే తప్పు.

ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి తప్పు సమాచారం ఇస్తే, దానికి సంస్థే బాధ్యత వహించాలని 2024లో అక్కడి ట్రైబ్యునల్ తేల్చింది. మన యూనివర్సిటీలూ ఇది మొదలుపెట్టే ముందే రాసిపెట్టాలి: బాట్ తప్పు తేదీ చెప్పడం వల్ల గడువు దాటితే, లేట్ ఫీజు లేకుండా కట్టించుకుంటాం, పరీక్ష రాయనిస్తాం అని.