పిల్లల బెడద లేకుండా పాఠాల వీడియో తీయడం ఎలా?

విద్యార్థుల కోసం తీసే వీడియోకు పరమార్థం ఒక్కటే: అది ఉండటం. ఎవరైనా చూడటం, చూసి అర్థం చేసుకోవడం, అర్థమయ్యాక చెయ్యెత్తి ప్రశ్న అడగడం ఇవన్నీ మందు సీసా మీద చిన్న అక్షరాల్లో వేసే దుష్ఫలితాల కిందికి వస్తాయి. ఈ సంగతి తెలియక ఈ మధ్య కొందరు కుర్రాళ్లు కెమెరా భుజాన వేసుకుని, "ఎనిమిదో తరగతి పిల్లాడు ఎక్కడ తికమక పడుతున్నాడు" అని వెతుక్కుంటూ తిరుగుతున్నారు. వాళ్లను దారిలో పెట్టడం పెద్దల బాధ్యత.

ముందుగా కొలమానం. బియ్యానికి కిలో, పాలకు లీటరు, పాఠానికి గంట. ఇన్ని గంటల పాఠాలు తీశామని నివేదికలో రాయడానికి గడి ఉంది. ఇన్ని సందేహాలు తీర్చామని రాయడానికి గడి లేదు. గడి లేని పని చేసినవాడు ఆడిట్‌లో ఇరుక్కుంటాడు. కనుక ఆరు నిమిషాల్లో అయిపోయే సంగతిని అరగంట స్లాటుకు సాగదీయడమే ఈ వృత్తిలో మొదటి విద్య. 2014లో ఫిలిప్ గువో అనే పరిశోధకుడి బృందం ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల్లో సుమారు 69 లక్షల వీక్షణలను లెక్కగట్టి, వీడియో ఎంత పొడుగున్నా మధ్యగతం లెక్కన విద్యార్థి చూసేది మహా అయితే 6 నిమిషాలని తేల్చింది. అమాయకులు దీన్ని చదివి వీడియోలు పొట్టిగా తీయాలనుకుంటారు. అనుభవజ్ఞులు మాత్రం అసలు విషయాన్ని ఏడో నిమిషం తరవాత పెడతారు. అక్కడైతే దాని జోలికి ఎవరూ రారు.

మొదటి ఆరు నిమిషాలు నింపడం కష్టమేమీ కాదు. తిరిగే భూగోళం, దాని చుట్టూ ఎలక్ట్రాన్లు, తమంతట తామే తెరుచుకునే పుస్తకం పేజీలు, ఎందుకో ఒక నెమలి. దీనికి వీణ మీద ఒక బిట్టు. తరవాత లోగోలు, పెద్ద నుంచి చిన్నకు, హోదా క్రమం తప్పకుండా. ఆ పైన యాంకరమ్మ "పిల్లలూ, బాగున్నారా?" అని అడిగి, జవాబు వచ్చినట్టే మూడు సెకన్లు తలాడిస్తుంది. అతిథి గారి డిగ్రీలు, ఈ అవకాశం ఇచ్చినవారికి అతిథి గారి కృతజ్ఞతలు. ఇక "కాంతి అనగానేమి?"

స్టూడియోలో గ్రీన్ మ్యాట్ తప్పనిసరి, అంటే ఎడిటింగులో పచ్చరంగు తీసేసి వేరే దృశ్యం అతికించడానికి వెనక కట్టే పచ్చ తెర. మ్యాట్‌కూ మాష్టారికీ మధ్య కనీసం ఆరడుగుల ఎడం ఉండాలని, మ్యాట్ మీద వెలుతురు విడిగా, మరకలు లేకుండా పడాలని తెలిసినవాళ్లు చెబుతారు. లేకపోతే ఆ పచ్చదనం తిరిగొచ్చి జుట్టు అంచుల మీద పడుతుంది, ఎడిటర్ ఎంత గీకినా పోదు. మన పద్ధతిలో కుర్చీని మ్యాట్‌కు ఆనించి వేస్తాం. ఆకుపచ్చ బట్టలు వద్దని ముందురోజు ఫోన్ చేసి చెప్పే అలవాటు కూడా మనకు లేదు. చిలకపచ్చ పట్టుచీరలో వచ్చిన టీచరమ్మ తెర మీద తల, రెండు చేతులుగా మాత్రమే మిగిలి గ్రహాల నడుమ తేలుతూ ఉంటుంది. గురుత్వాకర్షణ లేకపోతే ఏమవుతుందో ఇంతకన్నా బాగా ఎవరు చూపించగలరు?

శబ్దం విషయంలో మరింత జాగ్రత్త వహించాలి. బొమ్మ కాస్త మసకగా ఉంటే పిల్లలు సర్దుకుపోతారు గానీ మాట వినపడకపోతే వెంటనే వెళ్లిపోతారు. వాళ్లను పంపించడానికి ఇంతకంటే చవకైన మార్గం లేదు. కాలర్ మైకును గడ్డానికి జానెడు కిందుగా, బట్ట రాసుకోని చోట పెట్టి, తీగను లోపలివైపు చిన్న చుట్టగా మడిచి టేపు అంటిస్తే మాట శుభ్రంగా వస్తుంది. కాబట్టి దాన్ని జరీ అంచుకు, గొలుసు తగిలేలా గుచ్చాలి. ఖాళీ గది చప్పుడును ఒక అర నిమిషం విడిగా రికార్డు చేసుకుంటే ఏసీ హోరును ఎడిటింగులో తగ్గించుకోవచ్చు. ఆ అర నిమిషం మనకుండదు. ఎందుకంటే అతిథి గారి కారు బయట ఎదురుచూస్తోంది.

ఇక స్లైడు. పాఠ్యపుస్తకంలోని పేరా మొత్తాన్ని తెర మీద పరిచి, దాన్నే పొల్లుపోకుండా పైకి చదవాలి. బొమ్మ చూపిస్తూ నోటితో చెబుతున్నప్పుడు అవే మాటలు అక్షరాల్లో కూడా వేస్తే నేర్చుకోవడం దెబ్బతింటుందని రిచర్డ్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రయోగాలు చేసి చూపించాడు. కన్ను అక్షరాల మీదికి పోతే బొమ్మ వదిలేస్తుంది, బొమ్మ మీదికి పోతే అక్షరాలు వదిలేస్తుంది. మనకు కావలసిందీ అదే. తెర మీది అక్షరాలు నాన్నగారి ఐదంగుళాల ఫోనులో చీమల బారులా కనిపిస్తే పాఠం పూర్తిగా సురక్షితం.

సైన్సు దగ్గర కాస్త ఆగాలి. ఇక్కడ ప్రమాదం ఎక్కువ, ప్రయోగం నిజం చెప్పేస్తుందేమోనన్న భయం ఎప్పుడూ ఉంటుంది. అందరికీ తెలిసిన కొవ్వొత్తి ప్రయోగాన్నే తీసుకోండి. పళ్లెంలో వేలెడు ఎత్తు రంగునీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తారు. మంట ఆరుతుంది, నీళ్లు గ్లాసులోకి ఎగబాకుతాయి. మాష్టారు చిరునవ్వుతో, "చూశారా పిల్లలూ, ఆక్సిజన్ మొత్తం ఖర్చయిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి, అందుకే సరిగ్గా ఐదో వంతు ఎక్కాయి" అంటారు. చప్పట్లు.

ఈ వివరణ తరతరాలుగా వస్తోంది, తరతరాలుగా తప్పు. ఆక్సిజన్ అంతా అయిపోయేదాకా కొవ్వొత్తి ఆగదు. గాలిలో 21 శాతం ఉన్నది సుమారు 16కు దిగేసరికే కొండెక్కుతుంది, అంటే ఆక్సిజన్‌లో మూడొంతులు గ్లాసులోనే మిగిలిపోతుంది. ఖర్చయిన దాని స్థానంలో కార్బన్ డయాక్సైడు పుడుతుంది: మైనం మండితే మూడు పాళ్ల ఆక్సిజన్‌కు సుమారు రెండు పాళ్లు. కాబట్టి అటువైపు తగ్గేది చాలా కొంచెం. నీళ్లను పైకి తెచ్చేది ప్రధానంగా వేడి. గ్లాసు బోర్లించేటప్పటికే మంట చుట్టూ గాలి వేడెక్కి వ్యాకోచించి ఉంటుంది, కొంత అంచుల కింద నుంచి బుడగలుగా బయటికి పోతుంది కూడా. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, బయటి గాలి పీడనం నీళ్లను లోపలికి నెడుతుంది.

అందుచేత ఈ ప్రయోగం తీసే దర్శకుడు మూడు కట్టుబాట్లు పాటించాలి. గ్లాసు అంచును దగ్గరగా చూపించరాదు, బుడగలు కనిపిస్తాయి. మంట వెలుగుతున్నప్పటి నుంచి ఆరి చల్లబడేదాకా ఒకే షాటులో తీయరాదు, నీళ్లు మంట ఉన్నంతసేపూ పెద్దగా కదలకుండా అది ఆరాకే గబుక్కున లేస్తాయన్నది బయటపడుతుంది. వెలిగే కొవ్వొత్తి నుంచి లేచిన నీళ్ల మీదికి నేరుగా కట్ చేయాలి, మధ్యలో ఒక మెరుపు శబ్దం వేయాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: అదే గ్లాసు కింద ఒకటికి బదులు మూడు కొవ్వొత్తులు ఎప్పుడూ వెలిగించరాదు. గ్లాసులో ఆక్సిజన్ అంతే, కానీ నీళ్లు మరింత పైకి ఎక్కుతాయి. వెనక బెంచీలో ఎవడో ఒకడు "సార్, ఆక్సిజన్ పెరిగిందా?" అంటాడు. ఆ ఒక్క ప్రశ్నతో పీరియడ్ మొత్తం సైన్సు అయిపోతుంది.

స్పష్టతనే నమ్ముకోండి. డెరెక్ ముల్లర్ సిడ్నీ విశ్వవిద్యాలయంలో 2008లో ముగించిన డాక్టరేట్ పరిశోధన మనకు గొప్ప అండ. పైకి విసిరిన బంతి చేతిని వదిలాక కూడా "చేతి బలం" దానితోనే ప్రయాణిస్తుందని చాలామంది విద్యార్థులు మనసులో నమ్ముతారు. బలాలంటే ఏమిటో చక్కగా, తప్పు లేకుండా వివరించే వీడియో కొందరికి చూపించారు. ఒకడు ఆ తప్పు నమ్మకాన్నే బయటపెట్టి వాదిస్తుంటే ఇంకొకరు ప్రశ్నలు వేసే వీడియో మరికొందరికి చూపించారు. మొదటివాళ్లు "చాలా స్పష్టంగా, సులువుగా ఉంది" అన్నారు, మార్కులు దాదాపు కదల్లేదు. రెండోవాళ్లు "తికమకగా ఉంది" అన్నారు, మార్కులు పెరిగాయి. స్పష్టమైన వీడియో చూస్తే పిల్లాడు తనకు ముందే తెలిసిందే చెప్పారనుకుని, తన తప్పును మరింత ధైర్యంగా పట్టుకుని ఇంటికి వెళ్తాడు. మన అభిప్రాయ సేకరణ ఫారంలో ఉన్న ప్రశ్న "వీడియో బాగుందా?" ఒక్కటే కదా, దానికి మనకు ఎప్పుడూ నూటికి నూరే.

చరిత్రకు డ్రోన్ ఉంటే చాలు. నాగార్జునకొండ మీద పాఠం అనుకోండి. గేట్లెత్తిన సాగర్ డ్యాం నాలుగు నిమిషాలు, లాంచీలో కెరటాలు రెండు నిమిషాలు, ద్వీపం మీద ఇటుక కట్టడాల చుట్టూ డ్రోన్ ప్రదక్షిణలు. నేపథ్యంలో "ఇక్ష్వాకుల వైభవానికి మూగసాక్షి" అనే మాట కనీసం రెండుసార్లు. ఆ సాక్షి చేత ఒక్క మాట కూడా పలికించకూడదు. ఎందుకంటే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్నది లోయలో. ఆ లోయ ఇప్పుడు జలాశయం అడుగున ఉంది. 1954 నుంచి 1960 దాకా, ఒక పక్క ఆనకట్ట పనులు నడుస్తుండగా, పురావస్తు శాఖ వాళ్లు లోయను తవ్వి, కొన్ని కట్టడాలను విప్పి కొండ మీద, మరికొన్నిటిని ఒడ్డున అనుపులో మళ్లీ కట్టారు. నీళ్లు వచ్చేలోగా ఏది తీసుకుపోవాలి, ఏది వదిలేయాలి అని మనుషులు తేల్చుకున్న కథ అది. "ఊరంతా నీళ్ల కింద ఉంటే ఈ గోడలు పైకెలా వచ్చాయి?" అని పిల్లాడు అడిగితే చరిత్ర అంటే ఏమిటో అతనికి తెలిసిపోయే అవకాశం ఉంది. డ్రోన్‌ను ఇంకాస్త పైకి లేపండి. అమరావతి కూడా అంతే: మిగిలిన దిబ్బ చుట్టూ తిరగాలి గానీ, స్తూపం పలకలు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఎందుకున్నాయో ఎత్తకూడదు.

సంస్కృతి అనగానే తోలుబొమ్మలాట. మేకతోలును పలచగా గీకి, రంగులద్ది, తెరకు ఆనించి ఆడించే బొమ్మ అది. దీపం తెర వెనక ఉంటుంది, వెలుగు తోలు గుండా వస్తేనే ఆ ఎరుపూ ఆకుపచ్చా పలుకుతాయి. చీకట్లో కూర్చుంటేనే రావణుడు రావణుడు. మన యూనిట్ అక్కడికి చేరగానే ముందు నుంచి రెండు పెద్ద లైట్లు వేస్తుంది. తెర తెల్లగా మెరుస్తుంది, బొమ్మ మాయమవుతుంది, నిమ్మలకుంట కళాకారుడి ఏళ్ల పనితనం ఆరబెట్టిన తోలుముక్కలా కనిపిస్తుంది. అప్పుడు యాంకరమ్మ "అంతరించిపోతున్న కళ" అంటుంది, నిజమే, మన లైట్ల కింద. బుర్రకథకైతే కథకుడు తంబుర మీటి, వంతలిద్దరూ తందాన అందుకోగానే శబ్దం తగ్గించి, దాని మీద "బుర్రకథ మన ప్రాచీన జానపద కళారూపం" అని వాయిస్ ఓవర్ నడపాలి.

ఇదంతా మనకు మొదటి నుంచీ తెలుసనుకునేరు. కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా ఘోరమైన పొరపాటు ఒకటి జరిగింది. అమెరికా నుంచి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదికి ఎరువు తెచ్చుకుని, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లకు, కోళ్ల గూటికి కొట్టే ఇనుప వలతో చేసిన పదడుగుల గొడుగు యాంటెనాలు బిగించి, టీవీ చూపించారు. పొద్దున గంటన్నర బడి పిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. తెలుగు కార్యక్రమాలకు హైదరాబాద్‌లోనే కేంద్రం. అంతవరకైతే సరే. వాళ్లు అక్కడితో ఆగకుండా కార్యక్రమాలు తీసే ముందే పిల్లలకు ఏం తెలుసో కనుక్కున్నారు. పల్లె టీచర్లకు టీవీ, రేడియో, అచ్చు కాగితాలు, చేతిపని కలిపి సైన్సు శిక్షణ ఇచ్చారు. పైగా పరిశోధకులు ఊళ్లలో కాపురం పెట్టి, టీవీ ముందు ఎవరు కూర్చుంటున్నారో, ఎవరు లేచిపోతున్నారో రాసుకున్నారు! ఏడాది కాగానే ఉపగ్రహాన్ని దాని వాళ్లు తీసుకుపోయారు. ఆ అలవాట్లు కూడా దానితోనే వెళ్లిపోయాయి కాబోలు.

అప్పటి నుంచి వెనక్కి చూసుకోలేదు. 2004లో శ్రీహరికోట నుంచి చదువు కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహం లేచింది. 2017లో కేంద్ర ప్రభుత్వ పాఠాల టీవీ స్వయంప్రభ 32 చానళ్లతో వచ్చింది. రోజూ కనీసం 4 గంటల కొత్త పాఠం, దాన్ని ఆ రోజే మరో 5 సార్లు వేయాలన్నది అక్కడి ఏర్పాటు. వీలున్నప్పుడు చూసుకోవచ్చని. అంటే ఒకే పాఠాన్ని రోజుకు 6 సార్లు చూడకుండా ఉండే సౌకర్యం పౌరుడికి మొట్టమొదటిసారి దక్కింది.

చివరగా తరగతి గది. పెద్ద తెర వెలగ్గానే మాష్టారు రిజిస్టర్ నింపుకోవడానికి స్టాఫ్ రూముకు వెళ్లాలి. ఆయన ఉంటే ఆపుతాడు. నీళ్లు ఎక్కబోయే ముందు బొమ్మను నిలిపి, "ఇప్పుడేమవుతుందో నోటుబుక్కులో రాయండి" అంటాడు. 28 నిమిషాల వీడియో రెండు పీరియడ్లు తినేస్తుంది, సిలబస్ వెనకబడుతుంది, పిల్లలు ఇంటికెళ్లి మూడు కొవ్వొత్తులు అడుగుతారు. రెండు నిలువు గీతలున్న ఆ మీటే సమస్తానికీ మూలం కనుక, రిమోటును హెడ్మాస్టర్ గారి బీరువాలో పెట్టి తాళం వేయడం మేలు. పెట్టే ముందు అందులోని పెన్సిల్ బ్యాటరీలు తీసి తరగతి గోడ గడియారానికి వేయండి. పిల్లలు చూసేది ఎలాగూ దాన్నే.